అనకాపల్లి అమ్మమ్మలూ, క్లీవ్‌లాండ్ ఎలకలూ

అనకాపల్లి గురించి రాస్తూ ఎలకలతో మొదలుపెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. విషయం అక్కడే మొదలైంది మరి.

1998 ఆగస్టు. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊళ్ళో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం. పెట్రీషియా హంట్ అనే జన్యుశాస్త్రవేత్త చిట్టెలకల అండాల మీద పరిశోధన చేస్తున్నారు. మామూలు ఎలకల్లో క్రోమోజోములు సరిగ్గా వరసలో నిలబడని అండాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. ఉన్నట్టుండి అవి నూటికి నలభై అయిపోయాయి. ఏ మందూ ఇవ్వని ఎలకల్లోనే ఇలా! గాలి, తిండి, నీళ్ళు, పరికరాలు అన్నీ వెతికారు. చివరికి తేలిందేమిటంటే, బోనులు కడిగే తాత్కాలిక పనివాడొకరు పొరపాటున నేలలు కడిగే ఘాటు డిటర్జెంటుతో ఎలకల ప్లాస్టిక్ బోనుల్నీ, నీళ్ళ సీసాల్నీ కడిగేశారు. ఆ ప్లాస్టిక్ పేరు పాలీకార్బొనేట్. దెబ్బతిన్న ఆ ప్లాస్టిక్ నుంచి బిస్ఫినాల్-ఏ అనే పదార్థం కారి ఎలకల ఒంట్లోకి వెళ్ళింది. దీన్ని ఇక నుంచి పొట్టిగా బీపీఏ అందాం.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్లో బగ్ వస్తే కోడంతా జల్లెడ పట్టి, చివరికి తప్పు కోడులో లేదు, సర్వర్ రూములో ఉందని కనుక్కున్నట్టు అన్నమాట. హంట్ ఆ మాటని వెంటనే బయటపెట్టలేదు. కొన్నేళ్ళు కావాలని బోనుల్ని పాడు చేసి, బీపీఏని విడిగా తాగించి, మళ్ళీ మళ్ళీ చూసుకుని 2003లో ప్రచురించారు.

అక్కడితో ఆగి ఉంటే ఇది ఎలకల కథే. 2007లో ఆవిడ బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి చూలు ఎలకలకి బీపీఏ ఇచ్చారు. తల్లికి ఏమీ కాలేదు. కడుపులో ఉన్న ఆడపిల్లలూ చూడ్డానికి బాగానే పుట్టాయి. కానీ ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక వాటి అండాల్లో క్రోమోజోముల లెక్క తప్పింది. అంటే అమ్మమ్మ తాగిన నీళ్ళ ఫలితం మనవల లెక్కలో కనపడింది!

ఇది ఎలా సాధ్యం?

దీనికి కాస్త జీవశాస్త్రం కావాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని బయాలజీకి దణ్ణం పెట్టేసిన వాళ్ళం మనలో ఎక్కువ కాబట్టి తేలిగ్గానే చెప్పుకుందాం.

మగవాడి వీర్యకణాలు ఎప్పటికప్పుడు తయారవుతూ ఉంటాయి. ఆడవాళ్ళ సంగతి అలా కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే, తన జీవితకాలంలో వాడబోయే అండాలన్నీ తయారైపోతాయి. అయిదో నెల నాటికి అవి 60, 70 లక్షలు ఉంటాయి. ఆ తర్వాత తగ్గడమే. పుట్టేసరికి 10, 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేసరికి 3, 4 లక్షలు. వాటిల్లో నెలకొకటి చొప్పున విడుదలయ్యేవి మహా అయితే నాలుగైదు వందలు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఒక్కో అండం తన క్రోమోజోముల్ని పంచుకునే పనిని తల్లి కడుపులో ఉండగానే మొదలుపెట్టి సగంలో ఆపేస్తుంది. మళ్ళీ ఆ పని అందుకునేది ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత, ఆ అండం విడుదలయ్యే నెలలో. ముప్ఫై ఏళ్ళు సస్పెండ్ అయి ఉన్న ప్రాసెస్ ఏ పొరపాటూ లేకుండా మళ్ళీ మొదలవ్వాలి. మొదట్లో ఆ జతకూర్పు సరిగ్గా జరక్కపోతే ఆ సంగతి ముప్ఫై ఏళ్ళ తర్వాత గానీ తెలీదు. గర్భం నిలవకపోవడం, నిలిచినా మూడో నెల్లో పోవడం, ఇవీ అది బయటపడే దారులు.

ఇంకోలా చెప్తాను. మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండం తయారైంది మీ అమ్మమ్మ కడుపులో. అమ్మమ్మ కడుపులో అమ్మ, అమ్మ కడుపులో మీలో సగం. కాబట్టి ఒక చూలింత ఒంట్లోకి ఏదైనా పోతే అది ఒకేసారి మూడు తరాల్ని తాకుతుంది.

అసలు కథ 1936లోది

బీపీఏ నిన్నా మొన్నటిది కాదు. 1891లోనే రష్యాలో దియానిన్ అనే రసాయనవేత్త తయారు చేశాడు. 1936లో లండన్లో ఎడ్వర్డ్ చార్ల్స్ డాడ్స్ అనే ఆయన ఇది ఈస్ట్రోజెన్‌లాగా, అంటే ఆడ హార్మోనులాగా పనిచేస్తుందని కనిపెట్టాడు. అవును, ప్లాస్టిక్ సీసాల్లోకి రాకముందే ఇది హార్మోను అని తెలుసు! మందుగా పనికొస్తుందేమోననే చూశారు. కానీ బలం చాలలేదు. 1938లో అదే డాడ్స్ బృందం దీనికంటే ఎన్నో రెట్లు బలమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ తయారు చేసింది. పొట్టిగా డీఈఎస్. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధన కాబట్టి పేటెంటు తీసుకోలేదు. దాంతో ఎవరికి వాళ్ళు తయారు చేసి అమ్ముకున్నారు.

1940ల్లో అమెరికాలో గర్భస్రావం కాకుండా ఉండాలంటే డీఈఎస్ వాడమని డాక్టర్లు రాయడం మొదలెట్టారు. 1947లో ప్రభుత్వం దానికి అనుమతీ ఇచ్చింది. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో డీక్‌మన్ బృందం 1600 మందికి పైగా గర్భిణుల్ని రెండు గుంపులుగా చేసి పరీక్షించి, ఈ మందు వల్ల ఏ ఉపయోగమూ లేదని తేల్చింది. మరి ఆపేశారా? లేదు. ఇంకో 18 ఏళ్ళు రాస్తూనే ఉన్నారు. ఉపయోగం లేకపోతే లేదు, హాని లేదు కదా అనుకున్నారు.

1971 ఏప్రిల్‌లో బోస్టన్‌లో హెర్బ్‌స్ట్, అల్‌ఫెల్డర్, పోస్కాంజర్ అనే ముగ్గురు ఒక చిన్న వ్యాసం రాశారు. 15 నుంచి 22 ఏళ్ళ అమ్మాయిలు 8 మందికి యోనిలో ఒక అరుదైన కేన్సర్ వచ్చింది. ఆ వయసు వాళ్ళకి దాదాపు ఎప్పుడూ రాని జబ్బు. 8 మందిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డీఈఎస్ వాడారు. పోల్చి చూడ్డానికి తీసుకున్న 32 మంది ఆరోగ్యవంతుల తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఈ రెంటికీ సంబంధం ఉందేమో చూడండని మొదట అడిగింది డాక్టర్లు కాదు, జబ్బుపడ్డ ఒక అమ్మాయి తల్లి.

అదే ఏడాది నవంబరులో అమెరికా ప్రభుత్వం గర్భిణులకి డీఈఎస్ ఇవ్వొద్దంది. అక్కడి అంచనాల ప్రకారం అప్పటికే తల్లులూ పిల్లలూ కలిపి 50 లక్షల నుంచి కోటి మంది దాకా దాని బారిన పడ్డారు. కేన్సర్ వచ్చింది కొద్దిమందికే. ఎక్కువమందికి వచ్చిన కష్టం వేరే. ఈ ఆడపిల్లలు పెద్దయి పెళ్ళిళ్ళు చేసుకున్నాక చాలామందికి పిల్లలు పుట్టలేదు. కొందరి గర్భసంచి ఆకారమే మారిపోయి ఉంది. 2011లో హూవర్ బృందం లెక్క తేల్చింది. 45 ఏళ్ళు వచ్చేసరికి సంతానలేమి ఎదుర్కొన్నవాళ్ళు డీఈఎస్ కూతుళ్ళలో నూటికి 33, మిగతావాళ్ళలో నూటికి 15. నెలలు నిండకుండా కాన్పు కావడం డీఈఎస్ కూతుళ్ళలో నూటికి 53, మిగతావాళ్ళలో 18.

తేదీలు ఇంకోసారి చూడండి. మందు పనిచేయదని 1953లో తెలిసింది. ప్రమాదకరమని 1971లో తెలిసింది. సంతానం మీద దెబ్బ ఎంతో పూర్తిగా లెక్క తేలింది 2011లో. తల్లి మాత్ర మింగినప్పటి నుంచి కూతురి కష్టం లెక్కకెక్కడానికి అరవై ఏళ్ళు!

ప్లాస్టిక్‌లోకి ఎలా వచ్చింది?

మందుగా ఓడిపోయిన బీపీఏ వంటింట్లో గెలిచింది. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జీఈ కంపెనీలో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారే దాంతో పాలీకార్బొనేట్ తయారు చేశారు. గాజులా మెరుస్తుంది, కింద పడితే పగలదు. ఇంకేం కావాలి? పాలసీసాలు, నీళ్ళ జాడీలు, టిఫిన్ డబ్బాలు. రేకు డబ్బాల లోపల పూసే ఎపాక్సీ పూతలోనూ ఇదే. ఏటీఎం చీటీ, సూపర్ మార్కెట్ బిల్లు లాంటి వేడికి అచ్చయ్యే కాగితాల మీద కూడా ఇదే. అలాగే పీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌ని మెత్తగా, వంగేలా చేయడానికి థాలేట్లు అనే నూనెల్లాంటి పదార్థాలు కలుపుతారు. సెలైన్ గొట్టాలు, రెక్సిన్, మెత్తటి బొమ్మలు, ఆఖరికి మన ఊళ్ళలో నాయకుల పుట్టినరోజులకి కట్టే ఫ్లెక్సీలు కూడా పీవీసీయే. థాలేట్లు ప్లాస్టిక్‌తో రసాయనికంగా అతుక్కుని ఉండవు కాబట్టి నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటాయి. నూనె, వేడి తగిలితే ఇంకా తొందరగా.

1936లో హార్మోను అని తెలిసిన సంగతి అందరూ మర్చిపోయారు. 1993లో స్టాన్‌ఫోర్డ్‌లో అరుణా కృష్ణన్, డేవిడ్ ఫెల్డ్‌మన్ తమ ప్రయోగాల్లో ఎక్కడినుంచో ఈస్ట్రోజెన్ వచ్చి పడుతోందే అని వెతికితే, అది పాలీకార్బొనేట్ ఫ్లాస్కుల నుంచి అని తేలింది. అంటే కనిపెట్టిన 57 ఏళ్ళకి మళ్ళీ కనిపెట్టారు. డాక్యుమెంటేషన్ చదవని జాతి మనమొక్కళ్ళమే కాదు!

2008లో కెనడా, 2011లో యూరప్, 2012లో అమెరికా పసిపిల్లల పాలసీసాల్లోంచి బీపీఏని తప్పించాయి. మన దేశంలోనూ 2015 నాటి ప్రమాణంతో పాలసీసాల్లో ఇది వద్దన్నారు. సంతోషమే. కానీ కంపెనీలు చేసిందేమిటి? బీపీఏ బదులు దాని చుట్టాలైన బీపీఎస్, బీపీఎఫ్ లాంటివి తెచ్చి 'బీపీఏ లేదు' అని లేబులు అంటించాయి. వేరియబుల్ పేరు మార్చి బగ్ ఫిక్స్ చేశామన్నట్టు. 2018లో హంట్ బృందానికి మళ్ళీ అదే వింత ఎదురైంది. అండాల లెక్కలు తప్పాయి. వెతికితే ఈసారి బోనుల ప్లాస్టిక్ నుంచి కారుతున్నది బీపీఎస్. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మనిషికి అదే కథ.

మరి అనకాపల్లి?

అనకాపల్లి అంటే బెల్లం. 1913 నుంచీ అక్కడ చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. శారదా నది, నూకాలమ్మ గుడి, బొజ్జన్నకొండ ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం కూడా అయ్యింది. అచ్యుతాపురం, పరవాడ, నక్కపల్లి వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి. మనలాంటి వాళ్ళని హైదరాబాదుకీ బెంగుళూరుకీ డాలస్‌కీ పంపించే మామూలు తెలుగు ఊరు. అందుకే లెక్క వేయడానికి దాన్నే తీసుకుంటున్నాను.

1990లో అనకాపల్లిలో పుట్టిన అమ్మాయి అనుకుందాం. ఆ అమ్మాయి అండాలు తయారైంది 1989-90లో, వాళ్ళమ్మ కడుపులో. అప్పుడు మన వైపు మామూలు వంటింట్లో ఏముండేవి? స్టీలు గిన్నెలు, సత్తు గిన్నెలు, ఇత్తడి బిందె, ఊరగాయ జాడీ, బియ్యానికి రేకు డబ్బా. ప్లాస్టిక్ ఉండేది, కాకపోతే బకెట్టు, మగ్గు, బిందె, చెప్పుల రూపంలో. హోటల్ నుంచి ఇడ్లీ తేవాలంటే క్యారేజీ పట్టుకెళ్ళాలి. భోజనాలంటే నర్సీపట్నం అవతల ఏజెన్సీ నుంచి దిగే అడ్డాకు విస్తర్లు. వేడివేడి తిండి ప్లాస్టిక్‌ని తాకే సందర్భమే తక్కువ.

ఇప్పుడు 2010లో పుట్టిన అమ్మాయి. వాళ్ళమ్మ నెలలు మోస్తున్నప్పటికి ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఇంట్లోకి వచ్చేసింది. వేడి సాంబారు కవర్లో కట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తున్నారు. టీ కూడా కవర్లోనే. టిఫిన్ డబ్బా ప్లాస్టిక్‌ది, దాన్ని వేడి చేసే మైక్రోవేవ్ ఆఫీసులో.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. ఇప్పుడు ముప్ఫైల్లో ఉండి సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిరుగుతున్న మన తరం ఆడవాళ్ళ కష్టానికి 'కడుపులో ఉండగా తగిలిన ప్లాస్టిక్' అనే కారణం చెప్పడం తొందరపాటు. తేదీలు అతకవు. ఆలస్యపు పెళ్ళిళ్ళు, పీసీఓఎస్, మన దేశంలో ఇప్పటికీ గర్భనాళాల్ని మూసేస్తున్న క్షయ, అన్నిటికంటే ముఖ్యంగా మగవాడి వైపు లోపాలు, ఇవీ ముందు చూడాల్సినవి. కానీ అదే లెక్క ఇంకో మాట కూడా చెప్తోంది. అసలు పరీక్ష ఇంకా రాలేదు. 2010లో పుట్టిన పిల్లకి పాతికేళ్ళు వచ్చేది 2035లో. రిలీజ్ ఎప్పుడో అయిపోయింది, యూజర్లు లాగిన్ అయ్యేది మాత్రం ఇకమీదట.

మనుషుల్లో రుజువు ఎంత ఉంది?

ఇక్కడ తూకం సరిగ్గా వేయాలి. భయపెట్టే ఫార్వర్డు మెసేజీలు మనకి చాలానే ఉన్నాయి.

డీఈఎస్ కూతుళ్ళ సంగతి రుజువైన చరిత్ర. అందులో సందేహం లేదు. కానీ డీఈఎస్‌ని మందుగా, భారీ మోతాదులో ఇచ్చారు. బీపీఏ దానికంటే ఎంతో బలహీనమైనది, మన ఒంట్లోకి వెళ్ళేది కూడా చాలా తక్కువ. కాబట్టి నూటికి 33 అనే అంకెని తీసుకొచ్చి టిఫిన్ డబ్బాకి అంటగట్టకూడదు.

బీపీఏ విషయంలో ఎలకల్లో రుజువు గట్టిగానే ఉంది. 2012లో రీసస్ కోతుల్లో చూసినప్పుడు కూడా, కడుపులో ఉన్న ఆడపిల్లల అండాశయాల్లో తేడాలు కనపడ్డాయి. కోతి మనకి ఎలకకంటే దగ్గర చుట్టం. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చిత్రం మసక. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో 1989-91 మధ్య గర్భిణుల రక్తాన్ని దాచిపెట్టి, ఆ కూతుళ్ళు ఎదిగాక పరీక్షించారు. చిన్న చిన్న సంబంధాలు కొన్ని కనపడ్డాయి గానీ, పెద్ద హాని జరిగిందని చెప్పే రుజువు దొరకలేదు. కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ తల్లీకూతుళ్ళని వెంబడించిన వాళ్ళకి మాత్రం, సువాసన వస్తువుల్లో వాడే ఒక థాలేట్ ఎక్కువున్న తల్లుల ఆడపిల్లలు కొంచెం ముందుగా ఎదుగుతున్నట్టు 2018-19లో తేలింది. బోస్టన్‌లో ఐవీఎఫ్‌కి వచ్చిన ఆడవాళ్ళలో థాలేట్లు ఎక్కువున్న వాళ్ళకి అండాలు తక్కువ దొరికాయి. ఇది పెద్దయ్యాక తగిలిన ప్లాస్టిక్ సంగతి, కడుపులో ఉన్నప్పటిది కాదు.

నియంత్రణ సంస్థలకీ ఏకాభిప్రాయం లేదు. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, మనిషి రోజూ తీసుకున్నా ఫరవాలేదనుకునే బీపీఏ మోతాదుని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. అయితే ముఖ్యంగా రోగనిరోధక వ్యవస్థ మీద ప్రభావం చూసి, సంతానం మీద చూసి కాదు. జర్మనీ వాళ్ళ సంస్థే ఆ లెక్కతో ఏకీభవించలేదు. అమెరికా ఔషధ సంస్థ కూడా ఆ దారిన వెళ్ళలేదు. అయినా 2024 డిసెంబరులో యూరప్ ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏని నిషేధించింది.

'రుజువు పూర్తిగా వచ్చాకే చూద్దాం' అని ఎవరైనా అంటే వాళ్ళకి చెప్పాల్సింది ఒకటే. ఈ విషయంలో రుజువు రావడానికి ఒక తరం పడుతుంది. 1953 నుంచి 2011 దాకా జరిగింది అదే.

మన దేశపు చరిత్ర

ఇదంతా అమెరికా గొడవ అనుకునేరు. మన దగ్గరా జరిగింది. గర్భం వచ్చిందో లేదో తెలుసుకోడానికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ కలిపిన భారీ మోతాదు మాత్రలూ ఇంజెక్షన్లూ మన దేశంలో విచ్చలవిడిగా అమ్మారు. నెల తప్పితే కడుపు పోతుందనే ఆశతో కొనుక్కున్న వాళ్ళూ ఉన్నారు. పుట్టే పిల్లలకి అవకరాలు వచ్చే ప్రమాదం ఉందని హెచ్చరికలొచ్చాక 1982లో ప్రభుత్వం నిషేధిస్తే, కంపెనీలు హైకోర్టుల్లో స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ళ తరబడి పోరాడితే, విషయం సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, బహిరంగ విచారణలు జరిగి 1988లో నిషేధం నిలబడింది. 1971లో ప్రపంచానికి తెలిసిన పాఠం ఇక్కడ అమలవడానికి 17 ఏళ్ళు పట్టిందన్నమాట.

అనకాపల్లికి ఇంకా దగ్గర్లో జరిగింది 2020 మే 7న. విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ లీకైంది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా పుట్టిన ఆ ఫ్యాక్టరీ తయారు చేసేది పాలీస్టైరీన్, అంటే ప్లాస్టిక్. స్టైరీనూ బీపీఏ ఒకటి కావు. స్టైరీన్ కడుపులో పిల్లని ఏం చేస్తుందన్న దానికి స్పష్టమైన జవాబు కూడా లేదు. కానీ ఆ రాత్రి ఆ గాలి పీల్చిన గర్భిణుల ఆడపిల్లలు పెద్దయ్యేదాకా, అంటే 2045 దాకా కనిపెట్టి చూస్తే తప్ప ఆ జవాబు ఎప్పటికీ రాదు. చనిపోయినవాళ్ళకి కోటి చొప్పున పరిహారం ఇచ్చారు, మంచిదే. పాతికేళ్ళ పాటు ఒక రిజిస్టరు నడపడం మాత్రం ఏ ప్రభుత్వానికీ అంత సులువు కాదు. మధ్యలో ఎన్నికలు అయిదొస్తాయి.

అలాగని మన దగ్గర శాస్త్రజ్ఞులు లేరా? హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. గర్భిణి ఎలకలకి బీపీఏ ఇచ్చి పుట్టిన మగపిల్లల సంతాన సామర్థ్యం దెబ్బతినడం వాళ్ళు చూశారు. కాబట్టి ఇది ఆడవాళ్ళ ఒక్కళ్ళ సమస్య కూడా కాదు.

గ్రహణం మొర్రి, గొడ్రాలు

నాకు అసలు భయం ఇక్కడ ఉంది.

కడుపుతో ఉన్న మనిషి చేసిన పని పిల్లకి తగుల్తుందనే ఆలోచన మనకి కొత్త కాదు. గ్రహణం రోజు కదిలితే మొర్రి వస్తుందనీ, బొప్పాయి తింటే కడుపు పోతుందనీ, అది ముట్టుకోకు, ఇటు తిరక్కు అనీ. ఏదైనా తేడా వస్తే 'చెప్తే విన్నావా?' అని ఆ తల్లినే అంటారు. పిల్లలు పుట్టకపోతే ఆడదానికి గొడ్రాలు అని పేరు పెట్టి పేరంటాలకి పిలవడం మానేసిన భాష మనది. మగవాడికి అంత వాడుకలో ఉన్న మాట ఒక్కటి చెప్పండి చూద్దాం?

ఈ కొత్త సైన్సు కూడా అదే దారి పట్టొచ్చు. రేపు కోడలికి గర్భం నిలవకపోతే 'మీ అమ్మ నిన్ను మోస్తున్నప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో తినుంటుంది' అని వియ్యపురాలిని కూడా కలిపి తిట్టే రోజు రాకూడదు. తిట్లకి కొత్త కారణం దొరికిందే తప్ప తిట్టేది మళ్ళీ ఆడదాన్నే అయితే మనం నేర్చుకున్నది సున్నా.

చరిత్ర చెప్పేది దానికి పూర్తిగా తిరగేసి. డీఈఎస్ మింగిన ఏ తల్లీ తప్పు చేయలేదు. డాక్టరు రాశాడు, ఆవిడ మింగింది. అనకాపల్లిలో సాంబారు కవర్లో కట్టించుకున్న గర్భిణిదీ తప్పు కాదు. ఆ కవరులో, ఆ సీసాలో ఏం కలిపారో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత తయారు చేసినవాడిది, పరీక్షించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అనకాపల్లి బెల్లం సంగతే చూడండి. తెల్లగా మెరిసే బెల్లానికి ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి పాకంలో హైడ్రోస్ కలిపే అలవాటు వచ్చింది. దానికి కొన్న ఇల్లాలిని తిడితే ఏం లాభం? బజారులో మంచి ధర దేనికి వస్తుందో అదే తయారవుతుంది.

చేయగలిగినవి

బీపీఏ, థాలేట్లు ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకునేవి కావు. గంటల్లో, మహా అయితే రోజుల్లో బయటికి పోతాయి. రోజూ మళ్ళీ వెళ్తున్నాయి కాబట్టే ఎప్పుడూ కనపడుతున్నాయి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అయిదు కుటుంబాలకి మూడు రోజులు ప్లాస్టిక్ తగలని తాజా తిండి పెడితే, ఒంట్లో బీపీఏ మూడింట రెండొంతులు, ఒక ముఖ్యమైన థాలేట్ సగానికి పైగా తగ్గిపోయాయి. కాబట్టి వేడిదీ నూనెదీ ప్లాస్టిక్‌లో వద్దు, మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ డబ్బా వద్దు, అమ్మమ్మగారి స్టీలు క్యారేజీ అటక మీంచి దించండి. బిల్లు కాగితాలు గుప్పిట్లో నలపకండి. ఈ పనులు ఇంట్లో మగవాళ్ళు కూడా చేయగలరు, చేయాలి.

కానీ ఇళ్ళలో డబ్బాలు మార్చుకుంటే సరిపోదు. 2025లో కర్ణాటకలో హోటళ్ళు గుడ్డ బదులు ప్లాస్టిక్ షీట్ల మీద ఇడ్లీలు వేస్తున్నాయని పరీక్షల్లో తేలి ప్రభుత్వం ఆపించింది. పరీక్షించారు కాబట్టి తెలిసింది. 'బీపీఏ లేదు' అంటే చాలదు, దాని బదులు ఏముందో లేబులు మీద ఉండాలి. బీపీఏని ఒక్కదాన్నే కాకుండా ఆ కుటుంబం మొత్తాన్ని ఒకటిగా చూసి నియంత్రించాలి. గర్భిణుల నమూనాలు దాచి, పిల్లల్ని పాతికేళ్ళు అనుసరించే అధ్యయనాలు మన ఊళ్ళలో జరగాలి. పెర్త్ వాళ్ళు 1989లో చేయగలిగింది మనం ఇప్పుడు చేయలేమా? ప్రపంచానికి డేటాబేసులు కట్టి పెట్టేది మనమే కదా!

చివరిగా ఒక మంచి మాట. అదే అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని చిత్రిక పట్టి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. రసాయన రంగులు వచ్చి చేరాక, సి.వి. రాజు గారు గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసే రంగుల్ని మళ్ళీ నిలబెట్టారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల్లో థాలేట్లు వద్దని యూరప్ 1999లో, అమెరికా 2008లో చట్టాలు చేశాయి. ఏటికొప్పాక వాళ్ళు మాత్రం ఏ చట్టం కోసమూ ఆగకుండా, పసిపిల్ల నోట్లో పెట్టుకుంటుంది కదా అనే ఒక్క ఆలోచనతో ఒక వస్తువు ఎలా చేయాలో చేసి చూపించారు.

ఆ ఆలోచన ఒక బొమ్మ దగ్గర సాధ్యమైనప్పుడు ఒక నీళ్ళ టిన్ను దగ్గర ఎందుకు కాదు? 2010లో పుట్టిన ఆ పిల్లలు ఇప్పుడు టెన్తూ ఇంటరూ చదువుతున్నారు. వాళ్ళ కూతుళ్ళ కోసం మార్చడానికి మాత్రం ఇంకా టైముంది.